సాయంత్రమైతే లింక్ పడిపోతోంది, ఆ సిగ్నల్ ఎక్కడిదో లెన్స్ యాంటెనాతో పట్టుకోవచ్చా?

చంద్రగిరి_లింక్
నాలుగు నెలలుగా నాకు నిద్ర లేదు. మాది చిన్న ఇంటర్నెట్ సర్వీసు. చంద్రగిరిలో మేడ మీద టవర్, అక్కడి నుంచి పాకాల దారిలో ఒక ఊరికి ఏడు కిలోమీటర్ల వైర్‌లెస్ లింక్, 5785 మెగాహెర్ట్జ్. దాని మీద 140 ఇళ్ళు బతుకుతున్నాయి. ఏప్రిల్ నుంచి కొన్ని రోజులు సాయంత్రం ఏడు కాగానే నాయిస్ (అక్కర్లేని రొద బలం) మైనస్ 96 డీబీఎం నుంచి మైనస్ 70కి ఎగబాకుతోంది, పదిన్నర దాకా అదే వరస, తర్వాత ఎవరో స్విచ్ ఆపినట్టు టక్కున పోతుంది. రోజూ రాదు. వారంలో మూడు రోజులు వస్తుంది, ఇంకో వారం అసలు రాదు. జూన్ ఆఖరు నుంచి జులై ఆఖరు దాకా నెల రోజులు చడీచప్పుడు లేదు, హమ్మయ్య అనుకున్నాను. ఆగస్టు రాగానే మళ్ళీ మొదలు. ఇంకో డిష్ పెట్టి చేత్తో తిప్పి చూశాను, ఒకసారి కోట వైపు ఎక్కువ చూపిస్తుంది, తిప్పి మళ్ళీ వచ్చేసరికి బైపాస్ వైపు ఎక్కువ. లెన్స్ ముందు పెట్టి వెనక చాలా యాంటెనాలు పెడితే దిక్కు తెలుస్తుందని ఎక్కడో చదివాను. నిజంగా పనిచేస్తుందా, ఇంట్లో చేసుకోగలమా, ఎవరైనా చెప్పండి.

పాకాల_పిల్లోడు
ఛానల్ మార్చెయ్ అన్నా, పోతుంది.

చంద్రగిరి_లింక్
మార్చకుండా ఉంటానా తమ్ముడూ. పైన మిగతా ఆపరేటర్ల లింకులు నిండిపోయి ఉన్నాయి. కింద 5.5 వైపు పోతే అనుమతించే పవర్ తక్కువ, ఏడు కిలోమీటర్లు లాగదు.

హామ్_చిత్తూరు
ముప్పై ఏళ్ళుగా నక్కల వేట ఆడుతున్నవాణ్ణి, అంటే ఎక్కడో దాచిన ట్రాన్స్‌మిటర్ని యాంటెనా పట్టుకుని వెతికే ఆట. 145 మెగాహెర్ట్జ్‌లో మూడు కడ్డీల యాగీ యాంటెనా ఒకటి చాలు. తిప్పుతూ పో, ఎక్కువ వచ్చిన వైపు గీత గియ్యి, ఇంకో చోటికి పోయి ఇంకో గీత గియ్యి, కలిసిన చోట దొంగ. లెన్సులూ గిన్సులూ ఎందుకు?

చంద్రగిరి_లింక్
సార్, నేను తిప్పే లోపలే దాని బలం మారిపోతోంది, అదే నా బాధ. ఇరవై సెకన్లలో పది డీబీ, అంటే పది రెట్లు, లేస్తుంది, పడిపోతుంది. అది దిక్కు వల్ల మారిందో, అది తనంతట తాను మారిందో నాకు ఎలా తెలుస్తుంది?

విద్యుత్_అక్క
సరైన ప్రశ్న ఇదే. హామ్ సార్ పద్ధతి నిలకడగా ఉండే సిగ్నల్‌కి బాగుంటుంది. ఊగిపోయే సిగ్నల్‌కి అన్ని దిక్కులూ ఒకేసారి చూడాలి, లెన్స్ చేసేది ఆ పనే. నేను యాంటెనాలు పాఠం చెబుతాను కాబట్టి కొంచెం వివరంగా రాస్తున్నా, విసుగు అనుకోకండి.

భూతద్దం ఎండలో పెడితే సూర్యుడు ఒక చుక్కలా పడతాడు కదా. సూర్యుడు పక్కకి జరిగితే చుక్క కూడా జరుగుతుంది. అంటే దిక్కుని లెన్స్ స్థానంగా మార్చేస్తుంది. రేడియో తరంగానికీ అంతే. లెన్స్ వెనక వరసగా చిన్న యాంటెనాలు పెడితే ఏ యాంటెనాలో ఎక్కువ పడిందో చూసి దిక్కు చెప్పొచ్చు. 1944లో లూనెబర్గ్ అనే ఆయన ఒక గోళాకారపు లెన్స్ లెక్క కట్టాడు. మధ్యలో డైఎలక్ట్రిక్ స్థిరాంకం (పదార్థం తరంగాన్ని ఎంత నెమ్మది చేస్తుందో చెప్పే అంకె) 2, అంచుకి పోయేకొద్దీ తగ్గుతూ అంచు దగ్గర 1, అంటే గాలితో సమానం. సగం దూరంలో 1.75, ముప్పావు దూరంలో 1.44. ఇలా ఉంటే ఏ వైపు నుంచి తరంగం వచ్చినా సరిగ్గా ఎదురు అంచు మీద ఒక బిందువులో కలుస్తుంది. గోళం కాబట్టి అన్ని దిక్కులకీ ఒకే నాణ్యత. మామూలు డిష్‌లో ఫీడ్‌ని, అంటే ముందుండే చిన్న యాంటెనాని, పక్కకి జరిపితే బీమ్ (యాంటెనా చూసే దిక్కుల పట్టీ) చెడిపోతుంది, దీంట్లో ఆ గొడవ లేదు.

రేణిగుంట_రిసీవర్
అక్కా, ఇదంతా పాత కాలం పద్ధతి. ఐదు ఛానళ్ళ ఎస్‌డీఆర్ (సాఫ్ట్‌వేర్‌తో నడిచే రేడియో రిసీవర్) దొరుకుతోంది, ఐదు యాంటెనాలు పెట్టి ఫేజ్ తేడాలు, అంటే తరంగం ఒక్కోదానికి ఎంత ముందూ వెనకగా చేరిందో, తీసుకుని మ్యూజిక్ అనే దిక్కు లెక్కగట్టే అల్గారిథం నడిపితే డిగ్రీ లోపల దిక్కు వస్తుంది. మా ఆఫీసులో 433 మెగాహెర్ట్జ్‌లో చేశాం, లాప్‌టాప్‌లో గీత కత్తిలా వస్తుంది.

విద్యుత్_అక్క
433లో బాగానే వస్తుంది. నువ్వు చెప్పే ఆ ఎస్‌డీఆర్ 1.7 గిగాహెర్ట్జ్ దాటి వినలేదు, ఈయన సమస్య 5.8లో ఉంది. ఇంకో సంగతి. మ్యూజిక్‌కి ఒకే సిగ్నల్ రెండు దారుల్లో వస్తే, ఒకటి నేరుగా ఒకటి కొండకి తగిలి, రెండూ ఒకదాని నకలు ఒకటి అయిపోయి లెక్క తప్పుతుంది. స్పేషియల్ స్మూతింగ్ (యాంటెనాలని చిన్న గుంపులుగా విడదీసి సగటు తీయడం) చేస్తే సర్దుకుంటుంది కానీ అప్పుడు యాంటెనాలు ఇంకా కావాలి. చంద్రగిరిలో పక్కనే కోట కొండ, అంతా బండ. ఆయన కోట వైపు ఒకసారి, బైపాస్ వైపు ఒకసారి అన్నాడు చూడు, నాకు అనుమానం అక్కడే.

రేణిగుంట_రిసీవర్
కొండ సంగతి నేను ఆలోచించలేదు, ఒప్పుకుంటున్నా. కానీ లెన్స్ మాత్రం రెండిటినీ ఎలా విడదీస్తుంది?

విద్యుత్_అక్క
రెండు దిక్కుల మధ్య బీమ్ వెడల్పు కంటే ఎక్కువ దూరం ఉంటే రెండూ వేరే వేరే పోర్టుల్లో, అంటే లెన్స్ వెనకున్న వేరే వేరే యాంటెనాల్లో, పడతాయి, లెక్కలేమీ అక్కర్లేదు. దగ్గరగా ఉంటే లెన్స్ కూడా కలిపేస్తుంది.

గాదంకి_దారి
బీమ్ వెడల్పు మాట వచ్చింది కాబట్టి. మా ఊరి దగ్గర గాదంకిలో పై వాతావరణాన్ని చూసే ఎంఎస్‌టీ రాడార్ చూసినవాళ్ళకి తెలుస్తుంది, 1024 యాగీలు 130 మీటర్ల చదరంలో నిలబెట్టి ఉంటాయి. అది పనిచేసేది 53 మెగాహెర్ట్జ్‌లో, తరంగం పొడవే ఐదున్నర మీటర్ల పైన. అంత పొలం పెడితే వచ్చే బీమ్ 3 డిగ్రీలు. అదే బీమ్ 5.8 గిగాహెర్ట్జ్‌లో కావాలంటే మీటరుంపావు చాలు. చిన్నప్పుడు స్కూల్ నుంచి తీసుకెళ్ళినప్పుడు ఇంత పొలం ఎందుకు అని అడిగితే అక్కడి సార్ ఒకాయన నేల మీద పుల్లతో గీసి చూపించాడు, ఇప్పటికీ గుర్తుంది.

హామ్_చిత్తూరు
అయితే నా 145కి పది డిగ్రీల లెన్స్ కావాలంటే పన్నెండు మీటర్లు. నా యాగీయే నాకు మేలు. మైక్రోవేవ్ సంగతి వేరని ఒప్పుకుంటున్నా.

పుత్తూరుకట్టు
నాకు పుత్తూరులో త్రీడీ ప్రింటింగ్ షాపు ఉంది. అక్క చెప్పిన లెక్క చూస్తే చెయ్యొచ్చు అనిపిస్తోంది. మేం వాడే పీఎల్ఏ ప్లాస్టిక్ గట్టిగా నింపితే డైఎలక్ట్రిక్ 2.7 దాకా ఉంటుంది అంటారు. లోపల జల్లెడలా ప్రింట్ చేసి నింపే శాతం మారిస్తే మధ్యలో 2, అంచుకి 1 తేవొచ్చు. మధ్యలో సుమారు 60 శాతం నింపాలి. కానీ 30 సెంటీమీటర్ల బంతి చెయ్యాలంటే నాలుగు కిలోల పైన ప్లాస్టిక్, నా మెషిన్ బల్ల 22 సెంటీమీటర్లే, ముక్కలు చేసి అతికించాలి.

విద్యుత్_అక్క
బంతి వద్దు. అతనికి పైకీ కిందకీ దిక్కు అక్కర్లేదు, చుట్టూ తిరిగే దిక్కు ఒక్కటి చాలు. అప్పడంలా ఒక బిళ్ళ చేసి కిందా పైనా అల్యూమినియం రేకు పెట్టండి. రేకుల మధ్య దూరం ఒకటిన్నర సెంటీమీటర్ దాటకూడదు, ప్లాస్టిక్ లోపల తరంగం కుదించుకుని ఉంటుంది, సగం తరంగం 1.8 సెంటీమీటర్లే, అది దాటితే తరంగం వేరే రూపాల్లో కూడా నడిచి అంతా కలగాపులగం అవుతుంది. లెన్స్ 30 సెంటీమీటర్లు అయితే బీమ్ దాదాపు 10 డిగ్రీలు. వెనక అంచు మీద పది డిగ్రీలకి ఒకటి చొప్పున ఎనిమిది చిన్న సూదుల్లాంటి ప్రోబులు, మధ్య దూరం 2.6 సెంటీమీటర్లు వస్తుంది. 80 డిగ్రీలు ఒకేసారి కనిపిస్తాయి.

పుత్తూరుకట్టు
అయితే నాలుగు వందల గ్రాముల లోపే. ముక్కలు నేనే చేసిస్తా, ప్లాస్టిక్ ఖర్చు ఇస్తే చాలు.

రేణిగుంట_రిసీవర్
రోట్‌మన్ లెన్స్ ఎందుకు వద్దు? బోర్డు మీదే రాగితో అచ్చు వేసేయొచ్చు కదా, ప్రింటర్ గొడవ ఉండదు.

విద్యుత్_అక్క
అది కూడా మంచిదే. రోట్‌మన్, టర్నర్ ఇద్దరూ 1963లో చెప్పారు, బీమ్ వైపు ఒక వంపు, యాంటెనాల వైపు ఒక వంపు, మూడు చోట్ల ఫోకస్ పూర్తిగా సరిగ్గా కుదురుతుంది. దారి పొడవులతో నడుస్తుంది కాబట్టి ఫ్రీక్వెన్సీ మారినా బీమ్ దిక్కు మారదు. బట్లర్ మ్యాట్రిక్స్ అని బీములు తయారుచేసే ఇంకో సర్క్యూట్ ఉంది, అది ఫేజ్‌తో నడుస్తుంది, అందులో ఫ్రీక్వెన్సీ మారితే బీమ్ పక్కకి జరుగుతుంది. కానీ ఊళ్ళో చవగ్గా దొరికే ఆకుపచ్చ బోర్డు 5.8లో సిగ్నల్‌ని చాలా తినేస్తుంది, మంచి బోర్డు ఖరీదెక్కువ. పైగా ముందు మళ్ళీ వరసగా యాంటెనాలు కావాలి. ఈయన పనికి బిళ్ళ చాలు.

పాకాల_పిల్లోడు
అక్కా పది డిగ్రీల బీమ్‌తో ఒక ఇల్లు ఎలా పట్టుకుంటారు? పది డిగ్రీలంటే ఒక వీధి మొత్తం వస్తుంది కదా.

విద్యుత్_అక్క
భలే అడిగావు. ఒక్క పోర్టు చూస్తే పది డిగ్రీలే. పక్కపక్క రెండు పోర్టుల్లో పడిన బలాల తేడా చూడాలి. పది డిగ్రీల బీములు పది డిగ్రీల ఎడంలో ఉంటే, మూలం ఒక డిగ్రీ జరిగినప్పుడు ఆ తేడా దాదాపు 2.4 డీబీ మారుతుంది. కొలతలో ఒక డీబీ తప్పు వచ్చినా దిక్కులో అర డిగ్రీ లోపే. పైగా సిగ్నల్ మొత్తం లేచినా పడినా రెండిటిలోనూ ఒకేలా లేస్తుంది కాబట్టి తేడా మారదు. అందుకే ఊగే సిగ్నల్‌కి ఇది పనికొస్తుంది.

చంద్రగిరి_లింక్
ఇప్పుడు అర్థమైంది. ఎనిమిది పోర్టులకి ఎనిమిది రిసీవర్లు ఎక్కడ తెచ్చేది మరి?

రేణిగుంట_రిసీవర్
6 గిగాహెర్ట్జ్ దాకా వినే ఎస్‌డీఆర్ నా దగ్గర ఒకటి ఉంది, ఇస్తాను. ఎనిమిది దారుల ఆర్ఎఫ్ స్విచ్ పెట్టి సెకనుకి కొన్ని వందల సార్లు తిప్పితే చాలు, నీ సిగ్నల్ సెకన్లలో కదా మారేది. లాగ్ డిటెక్టర్లు (సిగ్నల్ బలం కొలిచే చిప్పులు) ఎనిమిది పెడదాం అనుకున్నా కానీ అవి మైనస్ 60 కిందకి పెద్దగా వినవు. స్విచ్ ప్రోగ్రాం నేనే రాసిస్తా.

హామ్_చిత్తూరు
ఒక్క లెన్స్‌తో దూరం తెలియదు, మర్చిపోవద్దు. రెండో చోటు చూసుకో.

గాదంకి_దారి
దగ్గర్లో ఉంటే తరంగం వంపు వల్ల దూరం కూడా తెలుస్తుందని చదివానే?

విద్యుత్_అక్క
తెలుస్తుంది, కానీ 30 సెంటీమీటర్ల లెన్స్‌కి 5.8లో ఆ దగ్గర అనేది మూడున్నర మీటర్లు. మీటర్ల వెడల్పు ఉండే పెద్ద వాటికి అది పనికొస్తుంది. హామ్ సార్ చెప్పినట్టు రెండు మేడలు కావాల్సిందే.

తొలికోడి
నాకు రేడియో గురించి ఏమీ తెలీదు, మా ఆయన ఇది చదువుతుంటే పక్కన కూర్చుని చూశాను. జూన్ ఆఖరు నుంచి జులై ఆఖరు దాకా లేదన్నారు. అది ఆషాఢం కదండీ. ఆగస్టు అంటే శ్రావణం. వారంలో కొన్ని రోజులే వస్తోందన్నారు, ఆ తేదీలు పంచాంగంలో ముహూర్తాలతో పోల్చి చూశారా?

పాకాల_పిల్లోడు
అక్కా!!!

చంద్రగిరి_లింక్
అమ్మా, ఇప్పుడే నా లాగ్ తీసి క్యాలెండర్ పక్కన పెట్టాను. ఆగస్టులో 9 రోజులు వచ్చింది. 8 రోజులు ముహూర్తాలు. చేతులు వణుకుతున్నాయి. పెళ్ళి మండపం. రిసెప్షన్ సాయంత్రం ఏడింటికే కదా మొదలయ్యేది.

గాదంకి_దారి
రిసెప్షన్‌లో పెద్ద ఎల్ఈడీ తెర పెడతారు, కెమెరా నుంచి దానికి వీడియో వైర్ లేకుండా పంపే పెట్టె ఉంటుంది, చాలావాటిది 5.8 గిగాహెర్ట్జే. కెమెరామన్ తిరుగుతూ ఉంటాడు, జనం అడ్డం వస్తారు, బలం అందుకే ఊగుతోంది.

హామ్_చిత్తూరు
మరి లెన్స్ అక్కర్లేదు, పంచాంగమే పట్టించింది.

చంద్రగిరి_లింక్
అక్కర్లేకపోవడమేంటి సార్, బైపాస్ మీద మాకు కనిపించే వైపే మూడు మండపాలు ఉన్నాయి, అందులో రెండిటి మధ్య 120 మీటర్లే. ముహూర్తం రోజు మూడిట్లోనూ పెళ్ళిళ్ళే. తప్పు మండపంలోకి పోయి పెళ్ళి మధ్యలో మీ కెమెరా ఆపండి అంటే ఏం బాగుంటుంది. లెన్స్ చేసే తీరుతాను.

పుత్తూరుకట్టు
నాలుగు ముక్కలు ప్రింట్ అయ్యాయి, బస్సులో పంపిస్తున్నా. అతుకులకి జిగురు పల్చగా రాయి, గడ్డకట్టేలా రాయొద్దు.

చంద్రగిరి_లింక్
పన్నెండు రోజుల తర్వాత వస్తున్నా. లెన్స్ నిలబడింది. ముందు ఊరి బయట ఖాళీ స్థలంలో సరిచూశాం. వెదురు కర్రకి స్పేర్ రేడియో కట్టి నలభై మీటర్ల దూరంలో మా తమ్ముడు నిలబడ్డాడు, సున్నంతో నేల మీద ఐదు డిగ్రీలకి ఒక గీత గీసి గీత గీతకీ జరుగుతూ పోయాడు, నేను ఎనిమిది పోర్టుల అంకెలు రాసుకున్నాను. ఐదో పోర్టు మిగతావాటికంటే 5 డీబీ తక్కువ వచ్చింది. లెన్స్‌లో లోపమేమో అని ఒక పూట పోయింది. చూస్తే కనెక్టర్ లోపల నడిమి పిన్ను వెంట్రుకంత వెనక్కి పోయి ఉంది. మార్చాక అన్నీ సమానంగా వచ్చాయి. ఆ పట్టిక లేకుండా నేరుగా మేడ మీద పెట్టి ఉంటే మొత్తం తప్పు దిక్కు చూపించేది.

విద్యుత్_అక్క
ఆ పట్టిక పోగొట్టుకోకు. ప్రోబులు నిలువుగా ఉన్నాయి కాబట్టి నీ లెన్స్ నిలువు పోలరైజేషన్, అంటే నిలువుగా ఊగే తరంగం, మాత్రమే వింటుంది, అది గుర్తుంచుకో. వీడియో పెట్టెల యాంటెనాలు మామూలుగా నిలువుగా నిలబెట్టే ఉంటాయి కనుక పర్వాలేదు.

చంద్రగిరి_లింక్
నిన్న ముహూర్తం. ఏడూ పదికి మొదలైంది. మూడో పోర్టులో ఒక శిఖరం, ఏడో పోర్టులో ఇంకోటి, రెండూ ఒకేసారి లేస్తున్నాయి, ఒకేసారి పడుతున్నాయి. నాలుగు నెలలుగా కోటా బైపాసూ అని నన్ను తిప్పింది ఈ రెండే. తొమ్మిదింటికి లెన్స్ ఆటోలో పెట్టుకుని 900 మీటర్ల అవతల మా బావమరిది మేడకి పోయాం, అక్కడా రెండు వచ్చాయి. ఇంటికొచ్చి మ్యాప్ మీద గీతలు గీశాను. మొదటి జత గీతలు బైపాస్ మీద రెండో మండపం దగ్గర కలిశాయి, పక్క మండపం మీదకి పోలేదు. రెండో జత గీతలు ఎక్కడ కలిశాయో తెలుసా, కోట కొండ లోపల, రాయి మధ్యలో.

హామ్_చిత్తూరు
రాయి లోపల ఎవడు పెళ్ళి చేసుకుంటాడు!

విద్యుత్_అక్క
అది అద్దంలో బొమ్మ. అద్దంలో మన మొహం అద్దం వెనక ఉన్నట్టు కనిపిస్తుంది కదా, బండకి తగిలి వచ్చిన తరంగం కూడా బండ వెనక నుంచి వస్తున్నట్టే దిక్కు చూపిస్తుంది. గీతలు రాయి లోపల కలిశాయంటే నీ కొలతలు బాగున్నాయని అర్థం. నాకు చాలా సంతోషంగా ఉంది. రెండు యాంటెనాల ఫేజ్ తేడా మాత్రమే చూసి ఉంటే ఈ రెండిటి మధ్యలో ఎక్కడో ఖాళీ పొలం వైపు చూపించేది.

రేణిగుంట_రిసీవర్
ఫేజ్ గురించి నా మాట వెనక్కి తీసుకుంటున్నా. ఆ రెండు శిఖరాల రికార్డింగ్ పంపు అన్నా, దాచుకుంటా.

పాకాల_పిల్లోడు
అన్నా వెంటనే కంప్లైంట్ పెట్టు. వైర్‌లెస్ మానిటరింగ్ వాళ్ళు వచ్చి పెట్టె ఎత్తుకుపోతారు.

హామ్_చిత్తూరు
ఎత్తుకుపోరు. 2018లో 5.8 బ్యాండ్‌కి లైసెన్స్ అక్కర్లేదని తీసేశారు, పవర్ పరిమితి లోపల ఉంటే ఆ పెట్టెకి ఎంత హక్కో మనవాడి లింక్‌కీ అంతే హక్కు. ఇక్కడ ఎవరి మీదా ఎవరికీ రక్షణ లేదు. పోయి మంచిగా మాట్లాడుకోవడమే.

చంద్రగిరి_లింక్
అదే చేశాను సార్. పెళ్ళి లేని రోజు చూసుకుని మండపం మేనేజర్ దగ్గరికి పోయాను, ఎల్ఈడీ తెర పెట్టే అబ్బాయి ఫోన్ నంబర్ ఇచ్చాడు. ఆ అబ్బాయిది తిరుచానూరు. లాప్‌టాప్‌లో గీతలు చూపిస్తే నోరెళ్ళబెట్టాడు, తన పెట్టె 140 ఇళ్ళకి ఇంత పని చేస్తోందని అతనికి అసలు తెలీదు. స్టేజీ నుంచి తెరకి నలభై మీటర్లు. ఆ పొడవుకి వీడియో కేబుల్ సగం డబ్బులు నేను పెట్టుకున్నాను, సగం అతను. నిన్న రాత్రి పెద్ద రిసెప్షన్ జరిగింది. పదకొండు దాకా మేడ మీద కూర్చుని చూశాను, నాయిస్ మైనస్ 95 దగ్గర కదల్లేదు.

తొలికోడి
చాలా మంచి మాట విన్నాను. మండపంలో పిల్లలు వైరు తట్టుకోకుండా దాని మీద తివాచీ వేయమనండి.

చంద్రగిరి_లింక్
చెబుతానమ్మా. మీరు ఆషాఢం అనకపోతే నేను ఇంకా వాన వల్లా ఎండ వల్లా అని వెతుకుతూ ఉండేవాణ్ణి.

పాకాల_పిల్లోడు
అన్నా లెన్స్ ఖాళీగా ఉంటే నాకు ఇస్తావా? మా వీధిలో కార్ల రిమోట్లు ఒక్క ఇంటి ముందు మాత్రం పనిచెయ్యడం లేదు, 433లో ఏదో ఆగకుండా అరుస్తోంది.

విద్యుత్_అక్క
తమ్ముడూ, 433లో అదే బీమ్ రావాలంటే ఆ బిళ్ళ నాలుగు మీటర్లు ఉండాలి. పైగా నీది ఆగకుండా అరిచే సిగ్నల్ అంటున్నావు, హామ్ సార్‌ని అడుగు.

హామ్_చిత్తూరు
ఆదివారం పొద్దున పాకాల స్టేషన్ దగ్గరికి రా అబ్బాయ్. ఇనుప కొలత టేపు ముక్కలతో చేసిన 433 యాగీ నా దగ్గర ఉంది. ఆ ఇంటివాళ్ళకి ముందే ఒక మాట చెప్పి పెట్టు.